బలహీనమైన బ్యాటరీ : పరీక్షలు, పనిముట్లు

కారులో తాళపుచెవి త్రిప్పినప్పుడు ఇంజను కదలకపోయినచో, చుట్టు చేరినవారందరును పలుకు మాట ఒక్కటే: “బ్యాటరీ పోయింది.” ఈ మాట ఒక్కొక్కప్పుడు నిజము, ఒక్కొక్కప్పుడు కాదు. నిజమో కాదో తేలకముందే వేల రూపాయలు చేతులు మారుచుండును. తేల్చుకొనుటకు కావలసిన విజ్ఞానమంతయు ఇంటర్మీడియెట్ భౌతికశాస్త్రము చదివిన విద్యార్థికి ఇదివరకే ఉన్నది. దానిని నల్లబల్ల మీదినుండి కారు బానెట్టు క్రిందికి తెచ్చుటయే మిగిలినది.

మొదట మా తప్పును మేమే చెప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట ప్రయోగ పరీక్షలు జరుపుటకై మేము పొరుగు పట్టణమునకు పోవలసి యుండెను. ఆ ఉదయము కారు కదలలేదు. దీపములు చక్కగా వెలిగినవి. హారను బిగ్గరగా మ్రోగినది. స్టార్టరు మాత్రము ‘టిక్కు’మని ఊరకున్నది. వెంటనే దుకాణమునకు కబురంపి క్రొత్త బ్యాటరీ వేయించితిమి. కారు నడిచినది. ఈలోగా అక్కడ విద్యార్థులు వరండాలో రెండు గంటలు నిరీక్షించిరి. పది దినములు గడువక మునుపే మరల అదే జబ్బు. ఈసారి ఒక వృద్ధ మేస్త్రీ వచ్చెను. ఆయన బ్యాటరీ వంక చూడనైనను చూడక, ఇంజనుకును కారు శరీరమునకును మధ్యనుండు అల్లిక తీగల ఎర్తు పట్టీని విప్పి, దాని కొనలకు పట్టిన తుప్పును గరుకు కాగితముతో రుద్ది, తిరిగి బిగించెను. పని అయినది. మొదటిసారి బ్యాటరీ మార్చునపుడు ప్రక్కనున్న ఆ పట్టీ కదలినందుననే కారు నడిచినదని అప్పుడు బోధపడినది. పాత బ్యాటరీలో ఏ దోషమును లేదు. ఏటేట ఓమ్ నియమము బోధించు మాకు ఆ పట్టీ తోచలేదు. బడి చదువు అంతగా లేని ఆ మేస్త్రీకి తోచినది.

ఆ దినము మేము చేయవలసియుండిన లెక్కను ఇప్పుడు చేయుదము. చిన్న కారు ఇంజనును త్రిప్పుటకు స్టార్టరు సుమారు 150 ఆంపియర్ల విద్యుత్తును లాగుననుకొందము. మంచి బ్యాటరీ అంతర్నిరోధము 0.01 ఓము అనుకొనిన, 150 × 0.01 = 1.5 వోల్టులు బ్యాటరీలోనే ఖర్చగును. 12.6 వోల్టులలో 11.1 వోల్టులు స్టార్టరుకు చేరును. ఇంజను తిరుగును. ఇప్పుడు త్రోవలో ఎచ్చటనో ఒక తుప్పుపట్టిన అతుకు 0.02 ఓము నిరోధమును చేర్చినదనుకొందము. మరి 3 వోల్టులు పోయి, స్టార్టరుకు 8.1 వోల్టులే మిగులును. ఇక అతుకు శుభ్రముగానే యుండి, బ్యాటరీయే ముదిసి దాని అంతర్నిరోధము 0.03 ఓము అయినదనుకొందము. అప్పుడును స్టార్టరుకు దక్కునవి ఆ 8.1 వోల్టులే. వాస్తవముగా వోల్టేజి తగ్గినకొలది ప్రవాహమును మారును గాని, ముఖ్యవిషయము చెడదు: స్టార్టరు దృష్టిలో ముసలి బ్యాటరీకిని మురికి అతుకుకును భేదము లేదు. రెంటికిని జబ్బు లక్షణము ఒక్కటే, ఔషధములు వేరు. ఒకదానికి వేల రూపాయలు, మరియొకదానికి గరుకు కాగితపు ముక్క.

దీపములు వెలిగినవి గదా యని మేము మోసపోయితిమి. రెండు హెడ్‌లైట్లు ఒక్కొక్కటి 55 వాట్లవైనచో రెంటికిని కలిపి సుమారు 9 ఆంపియర్లు. ఆ ప్రవాహమునకు 0.02 ఓము అతుకు అడ్డువచ్చినను పోవునది 0.18 వోల్టు మాత్రమే. కన్ను ఆ తేడాను పట్టజాలదు. కావున దీపములు వెలుగుట బ్యాటరీ బలమునకు గాని, అతుకుల మంచికి గాని సాక్ష్యము కాదు. అయితే దీపములు వెలిగించియే స్టార్టరును త్రిప్పి చూచినచో కొంత తెలియును. అవి బాగుగా మందగించినచో బ్యాటరీని, దాని క్లాంపులను అనుమానింపవచ్చును. ఏమాత్రము మందగింపనిచో ప్రవాహము స్టార్టరు వరకు పోవుటయే లేదు. వెదుకవలసిన చోటు వేరు.

బ్యాటరీ నిర్మాణమును గూర్చి కొద్దిగా చెప్పుదుము. ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే 1859లో కనుగొనిన సీస-ఆమ్ల ఘటమే నేటికిని చాల కార్లలో నున్నది. 1912లో కాడిలాక్ కార్లలో విద్యుత్ స్టార్టరు వచ్చిన తరువాత దానికి ఈ భారము మీదపడినది. లోపల ఆరు ఘటములు వరుసగా కలుపబడి యుండును. ధన ఫలకము లెడ్ డయాక్సైడు, రుణ ఫలకము మెత్తని సీసము, మధ్య సజల సల్ఫ్యూరికామ్లము. విద్యుత్తును వాడుకొనినప్పుడు రెండు ఫలకములును లెడ్ సల్ఫేటుగా మారుచు, ఆమ్లము పలుచబడును. చార్జి చేసినప్పుడు ఇదంతయు వెనుకకు తిరుగును. అయితే చార్జి లేకుండ వారముల తరబడి పడియున్నచో ఆ సల్ఫేటు గట్టి స్ఫటికములై వెనుకకు తిరుగుటకు నిరాకరించును. సెలవులలో కదలక నిలిచిపోయిన కార్ల బ్యాటరీలు చచ్చుటకు ముఖ్యకారణమిదే.

చలిదేశముల గ్రంథములలో శీతకాలమే బ్యాటరీకి శత్రువని వ్రాసియుండును. మన విద్యార్థులు దానిని అట్లే కంఠస్థము చేయుదురు. చలిలో రసాయనచర్య మందగించి బ్యాటరీ బలము తగ్గుట నిజమే. కాని దాని ఆయువును హరించునది వేడి. ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగినచో లోపలి క్షయపు వేగము దాదాపు రెట్టింపగును. ఫలకముల జాలకములు తినివేయబడును, నీరు ఆవిరియగును. రామగుండము, రెంటచింతల వంటి చోట్ల వేసవిలో 45 డిగ్రీలు దాటుట అరుదు కాదు. బానెట్టు క్రింద అంతకంటె మిక్కుటము. మేనెల చేసిన గాయము డిసెంబరు తెల్లవారుజామున బయటపడును. నింద మాత్రము డిసెంబరు మీద పడును.

ఇక పరీక్షలకు వత్తుము. చవుకయైన మల్టీమీటరు చాలును. కారు ఒక రాత్రి నిలిచిన తరువాత బ్యాటరీ ధ్రువముల మధ్య 12.6 వోల్టులు చూపినచో నిండుగా నున్నది. 12.4 ముప్పాతిక, 12.2 సగము, 12కు దిగువ దాదాపు ఖాళీ. ఖాళీ అనినంతనే చచ్చినదని తలంపరాదు. చార్జి చేసి తిరిగి చూడవలెను. 35 ఆంపియర్-గంటల బ్యాటరీకి 3.5 ఆంపియర్లు, అనగా సామర్థ్యములో పదవవంతు చొప్పున నిదానముగా చార్జి చేయుట మంచిది. నిండిన బ్యాటరీయే స్టార్టరు తిరుగునప్పుడు సుమారు 9.6 వోల్టులకు దిగువకు పడినచో, అప్పుడు దాని బలహీనతను నమ్మవచ్చును.

మా అభిప్రాయమున అన్నిటికంటె విలువైన పరీక్ష, ఎవరును చేయనిది, ఇది. మీటరు ఒక కొనను బ్యాటరీ సీసపు ధ్రువము మీదను, మరియొక కొనను దానికి తగిలించిన క్లాంపు మీదను ఉంచి, వేరొకరిచేత స్టార్టరు త్రిప్పింపవలెను. రెండును ఒకదానినొకటి అంటియేయున్నవి గనుక మీటరు సున్నకు సమీపముగా చూపవలెను. 0.2 వోల్టు మించినచో ఆ అతుకులో మురికి యున్నది. అట్లే రుణ ధ్రువమునకును ఇంజను లోహమునకును మధ్య చూచినప్పుడు అర వోల్టు మించినచో ఎర్తు పట్టీని అనుమానింపవలెను. మేము ఈ ఒక్క పరీక్ష చేసియున్నచో ఆ విద్యార్థులు అంతసేపు నిలువబడియుండరు.

ఇంజను నడచునప్పుడు ధ్రువముల మధ్య 13.8 నుండి 14.5 వోల్టుల వరకు ఉండుట సాధారణము. 12.6 దాటి పెరుగనేలేదనిన ఆల్టర్నేటరు చార్జి చేయుట లేదని అర్థము. క్రొత్త కార్లలో కంప్యూటరు ఈ వోల్టేజిని అవసరమును బట్టి మార్చుచుండును గాన, ఒక్కసారి చూచి తీర్పు చెప్పరాదు. కారు నిలిచియున్నప్పుడు కూడ గడియారము, అలారము మొదలైనవి కొంత విద్యుత్తును త్రాగుచుండును. 50 మిల్లీ ఆంపియర్ల వరకు దోషము కాదు. అయినను రోజునకు 1.2 ఆంపియర్-గంటలు పోవును గదా. 35 ఆంపియర్-గంటల బ్యాటరీ రెండు వారములలో సగము ఖాళీ యగును. ఈ ప్రవాహమును కొలుచుటకు మీటరును వరుసలో కలిపినప్పుడు స్టార్టరును ముట్టరాదు, మీటరు కాలిపోవును.

మూతలు తీయుటకు వీలున్న బ్యాటరీలకు హైడ్రోమీటరు కంటె మంచి సాక్షి లేదు. ఆరు ఘటములలో ఒకదాని విశిష్ట సాంద్రత తక్కినవాటికంటె 0.050 మేర తక్కువగా నున్నచో ఆ ఘటము చెడినట్లే; దానితోపాటు బ్యాటరీయు. మట్టము తగ్గినచో స్వేదనజలము మాత్రమే పోయవలెను. ఆవిరియైనది నీరు గాని ఆమ్లము గాదు. కుళాయి నీటిలోని లవణములు ఫలకములకు చేటు. హైదరాబాదు మరమ్మతు షెడ్లలో ఈ ఆమ్లమును తేజాబు అందురు. స్పానరును పానా అనియు, స్క్రూడ్రైవరును పేచ్‌కస్ అనియు అందురు. తెలుగు మేస్త్రీలకును ఇవే మాటలు. మన కళాశాలలో సగము మందికి ఈ పదములు ఇంటి మాటలే గనుక, వారు ఈ పాఠమును తక్కినవారికంటె ముందే సగము నేర్చినట్లు.

క్లాంపులు విప్పునప్పుడు రుణ ధ్రువమును మొదట విప్పవలెను, బిగించునప్పుడు కడపట బిగించవలెను. ధన ధ్రువమును ముందు విప్పుచుండగా పానా కారు శరీరమునకు తగిలినచో వందల ఆంపియర్లు దానిగుండ పారి, పానా ఎఱ్ఱగా కాలును. రుణము ముందే వేరు చేసిన ఆ భయము లేదు. తెల్లని, నీలపు పూతను వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరబెట్టి, వైరు బ్రష్షుతో మెరయునట్లు రుద్ది, బిగించిన పిదప పెట్రోలియం జెల్లీ పూయవలెను. కండ్లద్దములు తప్పనిసరి. చార్జి అగు బ్యాటరీ నుండి హైడ్రోజను వెలువడును. గాలిలో అది 4 శాతమున్నను నిప్పురవ్వకు ప్రేలును. అందువలననే మరియొక కారు బ్యాటరీ సాయము తీసికొనునప్పుడు ధనమునకు ధనమును కలిపి, సాయమిచ్చు బ్యాటరీ రుణ ధ్రువము నుండి వచ్చు తీగ కడపటి కొనను చచ్చిన బ్యాటరీకి గాక, దానికి దూరముగా ఇంజను లోహమునకు తగిలింపవలెను. కడపటి అతుకు వద్దనే రవ్వ పుట్టును గదా.

పై పనులలో దేనికిని విద్యుత్ పనిముట్టు అక్కరలేదు. తగిన కొలత పానా ఒకటి, బ్రష్షు, మీటరు చాలును. అయినను ప్రకటనలు చూచి తీగలేని ఇంపాక్టు రెంచి కొనుటకు ఉబలాటపడు విద్యార్థులు మమ్మడుగుచుందురు. చక్రపు నట్లు విప్పుటకు అది సుఖమే. బ్యాటరీ క్లాంపుకు మాత్రము దానిని వాడరాదు. సీసము మెత్తనిది, ధ్రువము విరుగును. చక్రపు నట్లు బిగించుటకును అది తగదు. చిన్న కార్లకు సుమారు 85 నుండి 110 న్యూటన్-మీటర్ల బిగింపు చాలును. ఆ యంత్రము అంతకు మించి బిగించి మరను చెడగొట్టగలదు. విప్పుటకు యంత్రము, బిగించుటకు టార్క్ రెంచి.

కొనువారు పెట్టె మీది అంకెలకు లొంగరాదు. ‘18 వోల్టులు’, ‘20 వోల్టులు’ అని రెండు పెట్టెల మీద వ్రాసియున్నను లోపలివి తరచు ఐదేసి లిథియం ఘటములే. ఘటమునకు 3.6 చొప్పున లెక్కించినవారు 18 అందురు; నిండుగా చార్జియైన క్షణమున చూచినవారు 20 అందురు. వోల్టులను ఆంపియర్-గంటలతో గుణించి చూడవలెను. 18 వోల్టులు, 2 ఆంపియర్-గంటలైన 36 వాట్-గంటలు. 12 వోల్టులు, 4 ఆంపియర్-గంటలైన 48. చిన్నదని తోచినదే ఎక్కువ నిలువ చేయును. ఏడాదికి నాలుగుసార్లు వాడువారికి తీగగల డ్రిల్లే మేలు. దానికి ముదిసిపోవు బ్యాటరీ లేదు. దాని మీద చతురస్రములో చతురస్రము గుర్తున్నదేమో చూచుకొనవలెను. అది రెండు పొరల విద్యుత్ బంధకము కలదనుటకు గుర్తు. గ్రైండరును మాత్రము బ్యాటరీ దరిదాపులకు తేరాదు; దాని రవ్వలును, హైడ్రోజనును ఒక్కచోట ఉండరాదు.

నిలువ చేయుటలో ఈ రెండు జాతుల బ్యాటరీలు పరస్పర విరుద్ధములు. కారు బ్యాటరీని నిండుగా చార్జి చేసి ఉంచవలెను. పనిముట్టు లిథియం బ్యాటరీని సగము చార్జితో చల్లని చోట ఉంచవలెను. దానిని ఎండలో నిలిపిన కారు డిక్కీలో మరచిపోవుట దాని ఆయువును తగ్గించుటయే.

అన్ని పరీక్షల తరువాతను బ్యాటరీ నిజముగా చచ్చినదని తేలినచో, దానిని తూకమునకు కొనువానికి ఇయ్యక, క్రొత్తది అమ్మిన దుకాణమునకే తిరిగి ఇయ్యవలెను. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనలు తిరిగి సేకరించు బాధ్యతను తయారీదారుల మీద పెట్టినవి. ఇంటి పెరళ్లలో పాత బ్యాటరీలు పగులగొట్టి సీసము కరగించుచోట, ఆ పొగయు ఆ మట్టియు ముందుగా సోకునది అచ్చట ఆడుకొను పిల్లలకు.