సెమిస్టర్‌కు ముందు యూరప్ దారుల్లో

జర్మనీ విశ్వవిద్యాలయాల్లో శీతకాల సెమిస్టర్ లెక్కకు అక్టోబరు 1న మొదలవుతుంది. పాఠాలు మాత్రం చాలాచోట్ల ఆ నెల మధ్యలో గానీ మొదలుకావు. ఒక సెమిస్టర్ చదువు కోసం అక్కడికి వెళ్లే విద్యార్థులు కాస్త ముందుగా బయల్దేరితే రెండు మూడు వారాలు చేతికి చిక్కుతాయి. ఆ వ్యవధిలో యూరప్ తిరగాలనుకోవడం సహజమే. అయితే చూసిన కట్టడాల లెక్కతో ఆ ప్రయాణానికి విలువ కడితే అసలు లాభం కనబడదు. ఇంట్లో అమ్మానాన్నలు, కాలేజీలో వార్డెన్లు, చుట్టుపక్కల బంధువులు ఇన్నేళ్లుగా తలా కాస్త మోసిన చిన్నాచితకా నిర్ణయాలన్నీ మొదటిసారి ఒక్క మనిషి మీద పడే వారాలవి. ఏ రైలెక్కాలి, ఎక్కడ తినాలి, ఈ పూట ఎంత ఖర్చుపెట్టొచ్చు, దారి తప్పితే ఎవరిని అడగాలి అని రోజూ తేల్చుకున్నవారు తరగతి గదిలోకి కొంత నిబ్బరంతో అడుగుపెడతారు.

చదువులో భాగంగా దేశాలు తిరగడం యూరప్‌కు పాత అలవాటు. 17, 18 శతాబ్దాల్లో ఇంగ్లండు సంపన్న కుటుంబాల కుర్రాళ్లు ‘గ్రాండ్ టూర్’ పేరుతో ఫ్రాన్స్, ఇటలీలలో నెలల తరబడి గడిపేవారు. వెంట ఒక గురువు, నౌకర్లు, బండెడు సామాను. అది ఇంకా ఫ్యాషన్ కాకముందే, 1608లో, థామస్ కోర్యాట్ అనే ఇంగ్లీషువాడు వెనిస్ దాకా వెళ్లి, చాలామటుకు కాలినడకనే తిరిగి, 1611లో ఆ ప్రయాణం మీద పుస్తకం అచ్చువేశాడు. ఇటలీలో ఫోర్కుతో తింటారని ఇంగ్లీషు పాఠకులకు చెప్పిన తొలివాళ్లలో అతనొకడు. తర్వాత మన దేశానికీ నడిచి వచ్చి 1617లో సూరత్‌లో కన్నుమూశాడు. ఫ్రాన్సిస్ బేకన్ 1625 నాటి వ్యాసాల్లో ఒకటి ప్రయాణం మీదే ఉంది: వెళ్లే దేశపు భాష కొంతైనా నేర్చుకుని వెళ్లాలి, దినచర్య రాసుకోవాలి, ఒకే ఊళ్లో ఉన్నా బస మారుస్తుండాలి, సొంత దేశస్తుల సహవాసం తగ్గించుకోవాలి అంటాడు.

జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో ఇంకో సంప్రదాయం ఉంది. పని నేర్చుకోవడం పూర్తయిన యువ వడ్రంగులు, తాపీ పనివాళ్లు కొందరు మూడేళ్ల ఒక రోజు పాటు సొంతూరికి 50 కిలోమీటర్ల దాపులకు రాకుండా ఊరూరా పనిచేస్తూ తిరుగుతారు. నల్లని కార్డురాయ్ దుస్తులు, వెడల్పాటి టోపీ వేసుకున్న ఇలాంటివాళ్లు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తారు. వ్యక్తిత్వం సంగతికొస్తే గ్రాండ్ టూర్ కన్నా ఈ పనివాళ్ల పద్ధతే మేలు. గురువును వెంటేసుకున్న కుర్రాడి తరఫున గురువే ఆలోచించేవాడు. వడ్రంగి కుర్రాడు పని తానే అడుక్కోవాలి, రాత్రి తలదాచుకునే చోటూ తానే వెతుక్కోవాలి.

ఇక కాగితాల విషయం. 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే చిన్న ఊరి దగ్గర, మోసెల్ నదిలో ఒక నౌక మీద అయిదు దేశాలు చేసుకున్న ఒప్పందం ఇప్పుడు 29 దేశాలకు విస్తరించింది. వాటిలో ఏదైనా ఒక దేశం ఇచ్చిన దీర్ఘకాలిక ‘డి’ రకం వీసా ఉన్నవారు మిగతా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా తిరగవచ్చు. చాలామంది గమనించనిది వీసా మొదలయ్యే తేదీ. అక్టోబరు 1 నుంచే చెల్లే వీసాతో సెప్టెంబరులో అడుగుపెట్టడం కుదరదు కాబట్టి, ముందుగా తిరగాలనుకునేవారు దరఖాస్తులోనే ఆ సంగతి చూసుకోవాలి. బ్రిటన్, ఐర్లండ్ షెంగెన్‌లో లేవు. అక్కడ చదివే భారతీయ విద్యార్థులు పారిస్ చూడాలన్నా విడిగా వీసా తీసుకోవాలి. జర్మనీలో విద్యార్థి ఆరోగ్య బీమా సాధారణంగా విశ్వవిద్యాలయంలో నమోదుతో ముడిపడి ఉంటుంది గనుక ముందు వారాలకు ప్రయాణ బీమా వేరుగా ఉండాలి. జీవన వ్యయం చూపడానికి బ్లాక్డ్ అకౌంట్‌లో వేసిన డబ్బు కూడా దారి ఖర్చుకు అక్కరకు రాదు. జర్మనీ చేరి ఖాతా వ్యవహారం ముగించాకే అది నెలనెలా విడుదలవుతుంది.

రైలు పాసుల్లోనూ ఒక మెలిక ఉంది. 1959లో మొదలైన యూరెయిల్ పాస్ యూరప్ బయట నివాసముండేవారికి. 1972లో మొదలైన ఇంటర్‌రెయిల్ అక్కడ నివాసముండేవారికి. 28 ఏళ్లు నిండనివారికి రెండింట్లోనూ రాయితీ దొరుకుతుంది. పాసుంటే అన్నీ ఉచితమనుకోకూడదు. ఫ్రాన్స్‌లోని టీజీవీ రైళ్లకు, స్పెయిన్, ఇటలీల్లోని వేగపు రైళ్లకు సీటు రిజర్వేషన్ రుసుము విడిగా కట్టాలి. మూడు నాలుగు ఊళ్లే చూసేట్లయితే ముందుగా కొన్న విడి టికెట్లే చవక కావచ్చు.

మూడు నాలుగు ఊళ్లే చూడటం మంచిది కూడా. రెండు వారాల్లో పది నగరాలు పెట్టుకుంటే గుర్తుండేవి స్టేషన్లే. ప్రాగ్ నుంచి వియన్నాకు రైల్లో సుమారు నాలుగు గంటలు, అక్కణ్నుంచి బుడాపెస్ట్‌కు మూడు గంటల లోపే. ఈ ఒక్క దారిలోనే కొరునా, యూరో, ఫోరింట్ అని మూడు డబ్బులు, మూడు భాషలు ఎదురవుతాయి. ఊరికి నాలుగు రోజులు కేటాయిస్తే రెండో రోజుకే ట్రామ్ దారులు తెలుస్తాయి, మూడో రోజుకు రొట్టెల దుకాణం వాళ్లు గుర్తుపడతారు. సామాను సంగతి ముందే తేల్చుకోవాలి. ఆవకాయ, కందిపొడి, కుక్కరు సర్దిన రెండు పెద్ద సూట్‌కేసులతో ప్రాగ్ రాళ్లవీధుల్లో నడవడం ఎవరివల్లా కాదు. వాటిని చదువుకునే ఊళ్లో తెలిసినవారి దగ్గర దించి, వీపుసంచీతో బయల్దేరడమే తెలివైన పని.

మనిషిలో మార్పు చిన్న సంగతుల్లోనే వస్తుంది. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. శనివారం సరుకులు కొనుక్కోనివారు ఆదివారం బిస్కెట్లతో సరిపెట్టుకుంటారు. మరో శనివారం వాళ్లకు ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. ఇటలీ ప్రాంతీయ రైళ్ల కాగితపు టికెట్‌ను ఎక్కేముందు యంత్రంలో ముద్ర వేయించుకోకపోతే జరిమానా పడుతుంది. ఫ్రాన్స్‌లో దుకాణంలోకి వెళ్లగానే ‘బోంజూర్’ అనకపోతే మర్యాద తెలియనివాళ్ల కింద లెక్క. సిగ్గరులైన పిల్లలకు ఇది మంచి మందు, ఎందుకంటే రోజుకు పదిసార్లు కొత్తవారిని తామే ముందు పలకరించాల్సి వస్తుంది. యూత్ హాస్టల్ వంటగది కూడా ఇందుకు తోడ్పడుతుంది. రిచర్డ్ షిర్మన్ అనే బడిపంతులు 1912లో జర్మనీలోని ఆల్టెనా కోటలో మొదటి శాశ్వత యూత్ హాస్టల్ నడిపాడు. అక్కడ మొదలైన ఉద్యమం ఖండమంతా పాకింది. శాకాహారులకు ఉమ్మడి పొయ్యి మీద అన్నం, పప్పు వండుకునే వీలుంటుంది. పోపు వాసనకు పక్కవాళ్లు తామే మాట కలుపుతారు.

ఒంటరితనం తప్పదు. తొలి రోజుల ఉత్సాహం చల్లారాక ఏదో ఒక సాయంత్రం ఎందుకొచ్చామా అనిపిస్తుంది. వేసవి సమయం ప్రకారం వియన్నాలో రాత్రి తొమ్మిదంటే హైదరాబాదులో పన్నెండున్నర. ఇంటికి ఫోన్ చేయాలన్నా మొహమాటమే. అలాంటప్పుడు ఊరికే కూర్చోవడం నేర్చుకున్నవారికి చీకటి త్వరగా పడే నవంబరు నెల అంత భారమనిపించదు. ఇంటికి రోజూ మాట్లాడటంలో తప్పేమీ లేదు. ‘ఏం చేయమంటారు’ అని అడగడానికి బదులు ‘ఇలా చేశాను’ అని చెప్పడం అలవాటైతే చాలు. బేకన్ చెప్పాడని తెలుగువాళ్లను చూసి తప్పుకు తిరగనక్కర్లేదు కూడా. సెమిస్టర్ మొదలయ్యాక జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చేది వాళ్లే. ఈ రెండు వారాలు మాత్రం గుంపుగా కాక ఒంటరిగానో, ఒక్క తోడుతోనో తిరగడం మేలు. పారిస్, రోమ్, బార్సిలోనా మెట్రోల్లో జేబుదొంగలుంటారు. పాస్‌పోర్టు ఒంటిమీదే ఉండాలి. అత్యవసర నంబరు మన దగ్గరలాగే అక్కడా 112.

తిరుగుడు పాఠాలకు కనీసం పది రోజుల ముందు ఆపేయాలి. జర్మనీలో గదిలో దిగిన రెండు వారాల్లోగా స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని రాసిచ్చిన కాగితం కావాలి, పెద్ద నగరాల్లో అపాయింట్‌మెంట్ ఒక పట్టాన దొరకదు. కొత్త విద్యార్థుల పరిచయ కార్యక్రమాలు కూడా ఆ రోజుల్లోనే జరుగుతాయి. చూడకుండా వదిలేసిన ఊళ్ల కోసం వారాంతాలు, క్రిస్మస్ సెలవులు ఉండనే ఉన్నాయి.