నీళ్లలో తోడుండే దేవుడు

వాక్యభాగము: యెషయా 43:2

ప్రియులారా, 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానును కోనసీమ మరచిపోలేదు. ఇళ్లు కూలాయి, కొబ్బరితోటలు నేలకొరిగాయి, వందలాది ప్రాణాలు పోయాయి. అలాంటి వేళ "దేవుడు మాట తప్పాడా?" అనే ప్రశ్న విశ్వాసికీ వస్తుంది.

వాక్యమును జాగ్రత్తగా చదవండి. నీళ్లు రావని దేవుడు చెప్పలేదు. వాటిని దాటేటప్పుడు తోడుంటానన్నాడు. బబులోను చెరలోనివారు యెరూషలేముకు తిరిగి వచ్చారు, కానీ ఏండ్లు పట్టింది.

తుపాను తరువాత నాటిన కొబ్బరి మొక్కలకూ ఏండ్లు పట్టింది. రైతు వేరు తవ్వి చూడలేదు. నీరు పెట్టి కనిపెట్టాడు.

మంచం మీదనున్న సహోదరుడా, సహోదరీ, జబ్బు వెంటనే తగ్గకపోతే దేవుడు విడిచాడనుకోవద్దు. ప్రార్థించండి, మందులు మానవద్దు.

ఆలోచించండి: నేడు మీరు దాటుతున్న నీళ్లు ఏవి?