గుంటలో నీరు ఊరిన రోజులు



చీరాల, జాండ్రపేట, వేటపాలెం వీధుల్లో పెరిగినవారికి ఈ సంగతి కొత్త కాదు. ముసురు పట్టిందంటే గుంటమగ్గంలోకి నీరు ఊరుతుంది. కాళ్ళు పెట్టే చోటు లేక నేత ఆగిపోతుంది. అంతమాత్రాన నేతగాణ్ణి సోమరి అని ఎవరూ అనరు. అతడూ మగ్గం మీది పడుగును తెంచివేయడు. నీరు ఇంకేదాకా ఆగుతాడు.

మనస్సుకూ ఇటువంటి రోజులు వస్తాయి. అప్పుడు మాత్రం మనం వేరే మాట అంటాం. "ప్రార్థన తక్కువైంది", "విశ్వాసం చాలలేదు", "ఏదో పాపం దాచావు" అంటాం. అసలే కుంగినవారు ఆ మాటలతో మరింత ముడుచుకుపోతారు. నలుగురిలోకి రావడానికి జంకి పూజకు కూడా రారు.

ఇది జబ్బు, పాపం కాదు

రెండు వారాలకు మించి దిగులు వదలకపోవడం, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోవడం, నిద్ర, ఆకలి చెడిపోవడం, 'నేనెందుకూ పనికిరాను' అనే తలంపు వెంటాడడం - ఇవి మానసిక కుంగుబాటు లక్షణాలు. దీనినే డాక్టర్లు డిప్రెషన్ అంటారు. అప్పులు, పనిలేమి, కాన్పు, దీర్ఘరోగం, ఆప్తుల మరణం దీనికి దారి తీయవచ్చు. ఏ కారణమూ కనబడకుండానూ రావచ్చు. 1987-88లో తెల్లదోమ పత్తిచేలను పాడుచేసినప్పుడు గుంటూరు, ప్రకాశం పల్లెల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. ఆ కన్నీరు మన నేల మరచిపోలేదు.

దేవుడు ఏలీయాకు ఏమి చేశాడు?

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం తెరవండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప కార్యం చేసిన ప్రవక్త యెసెబెలుకు భయపడి ఎడారిలోకి పారిపోయాడు. ఒక చెట్టు క్రింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగాడు. విశ్వాసం లేనివాడా ఏలీయా?

దేవుడు అతణ్ణి గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, వేడి రొట్టె, కూజాలో నీళ్ళు చూపాడు. ఏలీయా తిని, మళ్ళీ పడుకున్నాడు. దూత విసుగుకోక రెండవసారీ వచ్చాడు. ఉపదేశం తరువాత వచ్చింది. ముందు వచ్చినవి నిద్ర, తిండి, ఒక స్పర్శ. ఆ మీదట హోరెబు కొండ వద్ద, నీవు ఒంటరివి కావు, ఇంకా ఏడువేలమంది ఉన్నారని తెలియజేసి, ఎలీషాను తోడిచ్చాడు.

మందు వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టా?

కాదు. రోగి ప్రార్థించాలనీ, వైద్యునికీ చోటివ్వాలనీ, అతణ్ణీ దేవుడే కలుగజేశాడనీ సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం నేర్పుతుంది. ఈ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ప్రార్థన కూటమిలో ఎవరో చెప్పారని హఠాత్తుగా మానకండి; డాక్టరును అడగండి. పునీత చిన్న తెరేజమ్మ తండ్రి లూయీ మార్టిన్‌ను మెదడు జబ్బు కారణంగా 1889లో ఫ్రాన్సులోని కాన్ పట్టణపు మానసిక రోగుల ఆస్పత్రిలో చేర్చారు. ఆయన మూడేళ్ళకు పైగా అక్కడ ఉన్నారు. లోకులు ఆ కుటుంబాన్ని ఎన్నో అన్నారు. ఆయననే శ్రీసభ 2015లో పునీతునిగా ప్రకటించింది.

కుంగినవారికి ఒక మాట

జపమాల పూర్తి చేయలేకపోతే ఒక్క మంగళవార్త జపం చాలు. అదీ నోట రాకపోతే సిలువ వైపు చూస్తూ కూర్చోండి. నిరీక్షణ అంటే ఎప్పుడూ సంతోషంగా ఉండడం కాదు. పడుగు తెంచకుండా ఆగడమే నిరీక్షణ. మీరు ప్రార్థించలేని రోజున మీ కోసం శ్రీసభ ప్రార్థిస్తుంది. మీ బాధను విచారణ గురువులతోనో, మఠకన్యలతోనో, నమ్మిన స్నేహితునితోనో చెప్పండి. 14416కు ఫోను చేస్తే టెలీ మానస్ వారు పగలైనా, రాత్రయినా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే చెప్పుకోవచ్చు.

ఇంటివారికి

ఎవరైనా చచ్చిపోవాలని ఉందంటే తేలికగా తీసుకోకండి. సూటిగా, మెత్తగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ తలంపు పుట్టదు. మిరప, పత్తి చేలకు తెచ్చిన పురుగుమందులు తాళం వేసి ఉంచండి. వారిని ఒంటరిగా వదలక ఆస్పత్రికి వెంటబెట్టుకు వెళ్ళండి. ఆ విధంగా ఆప్తులను పోగొట్టుకున్నవారు కూడా నిరాశ పడనక్కరలేదు. వారి రక్షణ విషయంలో ఆశ వదలరాదని 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశం (2283) బోధిస్తోంది. వారి కోసం పూజ చెప్పించండి.

ఈ వారం ధ్యానానికి

1. కుంగినవారిని నా మాటతో ఎప్పుడైనా నొప్పించానా?

2. ఈ మధ్య గుడికి రావడం మానినవారెవరు? ఉపదేశం మోసుకుని కాక, కాస్త అన్నం కూర పట్టుకుని వారి గడప తొక్కగలనా?

3. నాకే ఆ బాధ ఉంటే, ఈ వారం ఎవరితో చెప్పుకోగలను?