ఇంటికి పట్టు మూడు రోగములు

విశాఖపట్టణము ఇనుముతో పెరిగిన నగరము. 1933వ సంవత్సరమున ఇచ్చట ఓడరేవు తెఱవబడినది. 1948వ సంవత్సరమున ఇచ్చటి నౌకానిర్మాణశాలనుండి 'జల ఉష' అను ఉక్కు ఓడ జలప్రవేశము చేసినది. తరువాతి కాలమున ఉక్కు కర్మాగారమును వెలసినది. ఇంత ఇనుమును తినివేయు శత్రువు కూడ ఈ తీరముననే కలదు. అది ఉప్పుగాలి.

కడలి యొడ్డున నున్న జాలరిపేటలో కత్తిపీట, బొక్కెన, కిటికీ చువ్వ – ఏదియైనను ఏమఱినచో ఎఱ్ఱబాఱును. ఇనుము, గాలిలోని ఆక్సిజను, తేమ అను మూడును కలిసినపుడు తుప్పు పుట్టును. ఉప్పు తేమను పట్టియుంచి ఆ పనిని త్వరపెట్టును. తుప్పు పొరలుపొరలుగా రాలుటచే లోపలి ఇనుము మరల గాలికి చిక్కును. ఇది ఇంటికి పట్టు మొదటి రోగము.

దీనికి చింతపండు గుజ్జు మంచి మందు. అందలి ఆమ్లము తుప్పును కరగించును. గుజ్జును పూసి, కొంతసేపటికి కొబ్బరిపీచుతో తోమవలెను. రాత్రియంతయు ఉంచరాదు, తుప్పు తీఱిన పిదప ఆమ్లము ఇనుమునే తినుట కారంభించును. వస్తువును కడిగి, తడి లేకుండ తుడిచి, నూనె పూసిననే చికిత్స ముగిసినట్లు. ఓడల అడుగుభాగమున జింకు పలకలను బిగించుటయు ఇట్టి రక్షణయే. సముద్రజలము జింకును ముందు తిని, ఉక్కును విడిచిపెట్టును.

రెండవ రోగము తెల్లని సున్నపుపొర. కఠినజలమును కాచినపుడు అందు కరగియున్న కాల్షియము లవణము విడివడి, గిన్నె అడుగున గట్టిగా అంటుకొనును. నిమ్మరసమునుగాని వినిగరునుగాని పోసినచో బుడగలు లేచును. సున్నపుపొర కరగుచు బొగ్గుపులుసు వాయువును విడుచుటయే దానికి కారణము.

మూడవది తూము పూడుట. చేపల పొలుసులు, జిడ్డు, అన్నపు మెతుకులు చేరి నీటిదారిని మూసివేయును. తూము నోట జల్లెడ నుంచుట మొదటి ఉపాయము. పేరిన జిడ్డును చాకలిసోడా కలిపిన వేడినీరు వదలించును. గొట్టము ప్లాస్టిక్కుదైనచో సలసల మరగు నీటిని పోయరాదు. అది మెత్తబడి వంగిపోవును.

బాలబాలికలారా! ఒక్క హెచ్చరికను మాత్రము ఎన్నడును మఱువకుడు. ఒక మందు మంచిదైనచో రెండు మందులు మఱింత మంచివని తలచి, బ్లీచింగు పౌడరును ఆమ్లముతో కలుపరాదు. మరుగుదొడ్లు కడుగు ఆమ్లమైనను, వంటింటి వినిగరైనను ఇదియే నియమము. వానినుండి పుట్టు క్లోరిను ఊపిరితిత్తులను దహించును. 1915వ సంవత్సరమున, మొదటి ప్రపంచయుద్ధములో, బెల్జియము దేశపు ఈప్రు పట్టణముకడ శత్రుసైనికులపై ప్రయోగింపబడిన విషవాయువు ఇదియే. తలుపులు మూసిన చిన్నగదిలో అది మఱింత ప్రమాదకరము. పొరపాటున కలిసి ఘాటువాసన వచ్చినచో వెంటనే అచ్చటినుండి వెలుపలికి పోయి, పెద్దలకు తెలుపవలెను.

తుప్పుకు చింతపండు, సున్నమునకు నిమ్మ, జిడ్డునకు సోడా – దేని మందు దానిదే. రోగమును గుర్తింపక మందు వేయు వైద్యుడు రోగికి కీడు చేయును. ఇంటిని శుభ్రపఱచువారికిని ఈ మాట వర్తించును. నిత్యము తడి తుడుచువాని ఇంట ఈ మందుల అవసరమే అంతగా కలుగదు.