అమ్మే ఇంటికి ఏ రంగు?

ఇల్లు అమ్మాలనుకున్నవాళ్లు మొదట షేడ్ కార్డు పట్టుకుని వస్తారు. అనంతపురంలో రంగుల పని మేస్త్రీగా ముసలివాణ్ని అయిపోయాను కాబట్టి నన్ను అడగడం సహజమే. నేను చెప్పేవి ఇవి.

1. కొనేవాడు గోడకంటే ముందు బోరు చూస్తాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే సీమ మనది. బోరు ఎన్ని అడుగులు, ఎండాకాలం నీళ్లు అందుతాయా, కొళాయి ఎన్నాళ్లకోసారి వస్తుంది, ఇవన్నీ తేలాకే అతని చూపు గోడల మీదికి పోతుంది. మోటారు రిపేరు పక్కనబెట్టి ఖరీదైన ఎమల్షన్ కొట్టించొద్దు నాయనా.

2. బయటి గోడకు మల్లెపూవు తెలుపు వద్దు. ఆషాఢంలో పడమటి గాలి తోసుకొస్తుంది. వానను తేదు గానీ ఎర్రదుమ్మును మాత్రం తెస్తుంది. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! ఆ గాలికి తెల్లగోడ పడమటి వైపు త్వరలోనే మాసిపోతుంది. మీగడ రంగో, గంధం రంగో, లేత ఇసుక రంగో అయితే దుమ్ము పడినా తెలియదు. నేలను ఆనుకుని రెండడుగుల ఎత్తున ముదురు పట్టీ కొట్టించండి, చినుకు పడితే ఎర్రమట్టి చిందేది అక్కడిదాకానే. సున్నం గోడల అడుగున మన అవ్వలు జాజు పూసింది ఒట్టి అందం కోసం కాదు.

3. మిద్దె పైన మాత్రం తెలుపే. ఎండ వెనక్కి పోతుంది, కింది గది వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. పేరు కొత్తది, మన సున్నం పాతది. మే నెల మధ్యాహ్నం ఇల్లు చూడొచ్చినవాడికి ఇంతకంటే మంచి మాట ఏం చెప్పగలం?

4. లోపల తాడిపత్రి నల్లబండలుంటే అవి వెలుతురును మింగేస్తాయి. పైగా ఎండకు భయపడి కిటికీలు చిన్నవి పెట్టుకున్న ఇళ్లు మనవి. గదికో రంగు పెట్టకుండా అంతటా ఒకే లేత రంగు వేయండి. గదులు కాస్త పెద్దవిగా కనబడతాయి, ఒకే డబ్బాతో పనీ సులువవుతుంది. కార్డులో బొటనవేలంత ముక్కగా లేతగా ఉన్న రంగు గోడంతా పరుచుకుంటే ముదురుగా కనిపిస్తుంది. అందుకే చాప వెడల్పు మేర పూసి ఆరనిచ్చి, పొద్దున ఒకసారి, రాత్రి ట్యూబులైటు కింద ఒకసారి చూడండి. మరో సంగతి. బండల మీద పడిన చుక్కలను తుడవడానికి కుర్రాళ్లు యాసిడ్ తెస్తారు, ఒప్పుకోవద్దు. తాడిపత్రి బండ సున్నపురాయి జాతిది. యాసిడ్ తగిలిన చోట నురగ పొంగి పాలిష్ పోతుంది, ఆ మచ్చ మరి పోదు.

5. గోడను అరచేత్తో రుద్దండి. పొడి అంటితే కింద ఉన్నది సున్నమో, పాత డిస్టెంపరో. గీకకుండా దాని మీదే ఎమల్షన్ కొడితే రేకులు రేకులుగా ఊడుతుంది. నేల దగ్గర తెల్లటి ఉప్పు పొంగి, పెచ్చు ఉబ్బి, వేలితో నొక్కగానే రాలుతుందా? అది రంగుతో తీరేది కాదు. చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో చూసి, పూత కొట్టేసి, కొత్తగా పూసి, బాగా ఆరనివ్వాలి. అంత డబ్బు లేదంటే దాన్ని అలాగే చూపించి ధర తగ్గించుకోండి. ఇల్లంతా పాతగా ఉండి ఒక్క మూల మాత్రం కొత్త రంగుతో మెరుస్తుంటే కొనేవాడు నేరుగా ఆ మూలకే పోతాడు.

6. వేళ చూసుకోండి. మే ఎండలో గోడ కాలిపోతుంటే రంగు పూసీ పూయగానే ఆరి బ్రష్ గీతలు పడతాయి. ఆషాఢంలోనూ పుష్యంలోనూ ఎటూ మన వైపు బేరాలు తక్కువ. కార్తీకం వెళ్లాక పని మొదలుపెడితే మాఘం ముహూర్తాల నాటికి వాసన కూడా పోయి ఉంటుంది.

7. వాస్తు గురించి వాదన వద్దు. దిక్కుకో రంగు చెప్పేవాళ్లు ఎక్కువ, లేత రంగును కాదనేవాళ్లు మాత్రం తక్కువ. గడపకు పసుపు పూసి ఉంచండి. మిగిలిన రంగు డబ్బా పారేయకుండా, మూత మీద షేడ్ నంబరు రాసి తాళంచెవులతోపాటు కొన్నవాళ్లకు ఇవ్వండి.