వేసవిలో ఏం చదవాలి?

ప్రశ్న: శాలిబండ దగ్గర సర్కారు బడిలో మూడో తరగతికి తెలుగు చెబుతాను. పిల్లల ఇంటి భాష ఉర్దూ. ఈ సెలవుల్లో విద్య గురించి ఏం చదవమంటారు?
– ఒక టీచర్

జవాబు: అమ్మా, ముందు గిజుభాయి బధేకా ‘దివాస్వప్న’ చదవండి. తెలుగులో ‘పగటికల’. ఆయన వకీలు పని వదిలి పిల్లల చదువులోకి వచ్చిన మనిషి. ఆ పుస్తకంలో మాస్టారు మొదటిరోజే ఓడిపోతాడు. నిశ్శబ్దం ఆట పెడితే తరగతంతా గోల! తర్వాత కథ ఎత్తుకుంటాడు, పిల్లలు దగ్గరవుతారు.

అది చదివాక ఓ జూన్‌లో నేనూ వాచకం మూసి పిల్లి కథ చెప్పాను. అంతకుముందు ఏడాదంతా నోరు విప్పని పాప వెనక బల్ల మీంచి ‘బిల్లీ కిదర్ గై?’ అంది. ఆ మాటే బోర్డు మీద తెలుగులో రాశాను: ‘పిల్లి ఎటు పోయింది?’ ఆ పాపే మొదట చదివింది.

‘పగటికల’ తర్వాత తెత్సుకో కురొయానాగి ‘రైలుబడి’ చదవండి. రెండూ చాలు. నోట్‌బుక్ పక్కన ఉంచుకుని, చదివింది ఏ పిల్లకి పనికొస్తుందో ఆ పేరు రాసుకోండి.