సోలార్ బ్యాటరీకి చార్జ్ కంట్రోలర్ తప్పనిసరి



నాలుగో జ్వరం లేచిన పురుగుకు రాత్రి మేత తప్పదు. కరెంటు లేని రాత్రి సోలార్ దీపం ఆదుకుంటుంది. అయితే ఆ దీపం వెనుక ఉన్న సీసపు బ్యాటరీ విషయంలో జాగ్రత్త లేకపోతే డబ్బు నష్టం ఒకటే కాదు, ప్రాణాపాయం కూడా ఉంది.

12 వోల్టుల పలక అని మనం కొనేది మంచి ఎండలో 17, 18 వోల్టుల దాకా ఇస్తుంది. నీళ్లు పోసే రకం 12 వోల్టుల బ్యాటరీకి సుమారు 14.4 వోల్టులు చాలు. పలక తీగలను నేరుగా బ్యాటరీకి తగిలిస్తే నిండిన తర్వాత కూడా కరెంటు ఎక్కుతూనే ఉంటుంది. లోపలి నీరు విడిపోయి హైడ్రోజన్ వాయువు బయటికి వస్తుంది. గాలిలో అది నూటికి 4 వంతులు చేరితే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. మధ్యలో చార్జ్ కంట్రోలర్ ఉంటే బ్యాటరీ నిండేకొద్దీ కరెంటును తగ్గించి, చివరికి 13.6 వోల్టుల దగ్గర నిలుపుతుంది. రాత్రి బ్యాటరీ కరెంటు పలకలోకి వెనక్కి పోకుండా కూడా ఆపుతుంది.

కంట్రోలర్ ఉన్నా వాయువు కొంత వస్తుంది. కాబట్టి బ్యాటరీని చాకీ గదిలో ఎప్పుడూ పెట్టకండి. అక్కడ వేడి, తేమ నిలపడానికి కిటికీలు మూస్తాం, కుంపటో హీటరో పెడతాం. హైడ్రోజన్ గాలికన్నా తేలిక, పైకప్పు కింద చేరుతుంది. నీడగా ఉండి, పైన గాలి పోయే సందు ఉన్న వసారా మంచిది. దాని దగ్గర బీడీ వద్దు.

తీగలు కలిపేటప్పుడు ముందు బ్యాటరీని కంట్రోలర్‌కు కలపండి, తర్వాతే పలకను. విప్పేటప్పుడు ముందు పలకను విప్పండి. ఈ వరుస తప్పితే కొన్ని కంట్రోలర్లు కాలిపోతాయి. బ్యాటరీ ప్లస్ తీగకు దగ్గరలోనే ఫ్యూజు ఉండాలి. నీళ్లు పోసే రకమా, సీలు వేసిన రకమా చూసి కంట్రోలర్‌లో ఆ రకమే పెట్టండి. హోసూరు కన్నా కృష్ణగిరి వైపు ఎండ ఎక్కువ. బ్యాటరీ వేడెక్కే కొద్దీ చార్జింగు వోల్టేజి తగ్గాలి. వేడిని బట్టి దానంతట అదే సర్దుకునే కంట్రోలర్ దొరికితే అదే కొనండి.

వాడకం లెక్క కూడా చూసుకోవాలి. 12 వోల్టుల 40 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 480 వాట్ అవర్లు. అందులో సగమే వాడుకోవాలి. 9 వాట్ల బల్బులు రెండు 10 గంటలు వెలిగితే 180 అవుతుంది, ఫరవాలేదు. దానికి 30 వాట్ల ఫ్యాను రాత్రంతా తగిలిస్తే మొత్తం 480. అంత వాడితే బ్యాటరీ ఎక్కువ కాలం మన్నదు. కంట్రోలర్ దీపాన్ని ఆపేసిందంటే బ్యాటరీ అడుగంటిందన్నమాట. అప్పుడు తీగ నేరుగా కలిపి వెలిగించుకునేవారున్నారు, అది బ్యాటరీకి చేటు. ట్రాక్టరు బ్యాటరీ ఇంజను తిప్పడానికి చేసింది, ఈ పనికి ఆగదు.

నీళ్లు పోసే రకానికి డిస్టిల్డ్ వాటర్ తప్ప బోరు నీరు పోయరాదు. చార్జింగు అయ్యాకే గుర్తు దాకా నింపండి. ఆసిడ్ ఒంటిమీద పడితే వెంటనే చాలా నీళ్లతో కడగాలి. కంట్లో పడితే 15 నిమిషాలకు తగ్గకుండా కడిగి డాక్టరు వద్దకు వెళ్లాలి. బ్యాటరీ ముట్టిన చేతులతో ఆకు తరగవద్దు, సబ్బుతో కడుక్కోండి.

పంట తీశాక గదికి బ్లీచింగు ద్రావణం కొట్టే ముందు గదిలోని స్విచ్చులు, హోల్డర్లు మూసిపెట్టండి. క్లోరిన్‌కు రాగి, ఇత్తడి తినిపోతాయి. పాడైన బ్యాటరీని ఇంట్లో పగలగొట్టి సీసం తీయవద్దు, ఆసిడ్‌ను మల్బరీ తోట కాలువలో ఒంపవద్దు. కొత్తది కొనే అంగడిలోనే పాతది ఇచ్చి ధర తగ్గించి అడగండి.